పాటలోకి కథ జొరబడకుండా జాగ్రత్తలు

వాడపల్లిలో కూర్చుని పాట రాద్దామనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందే ఒక హెచ్చరిక. కథల విషయంలో ఆ ఊరు అంత మంచిది కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి హైదరాబాదు నడుమ నుంచి వచ్చిన మూసీ అక్కడే కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పొందుగల. ఇంకా పోతే దాచేపల్లి, గురజాల, కారంపూడి, అంటే పల్నాటి వీరుల కథ పుట్టిన నేల. ఇటు వెనక్కి తిరిగి మిర్యాలగూడ మీదుగా సూర్యాపేట చేరితే దురాజ్‌పల్లిలో పెద్దగట్టు, రెండేళ్లకోసారి లింగమంతుల జాతర, గొల్లల కథలు. ఆ పై ఊళ్లలో తెలంగాణ సాయుధ పోరాటపు పాటలు. ఇన్నిటి మధ్య ఏమరుపాటుగా కలం పట్టారంటే ఏదో ఒక కథ పాటలోకి దూరిపోతుంది. దూరిందా, జనం ఆ పాటను ఎత్తుకుపోతారు. పాట మిగులుతుంది, రాసినవాడి పేరు పోతుంది, పైసా రాదు.

అందుకని నేను పాటిస్తున్న, నలుగురికీ నేర్పుతున్న జాగ్రత్తలు రాస్తున్నాను. జాతర పాటకైనా, ఎన్నికల పాటకైనా, యూట్యూబు జానపదానికైనా ఇవే.

అన్నిటికన్నా ముందు పేర్లు తీసెయ్యండి. పల్నాటి కథ కట్టినవాళ్లు చేసిన మొదటి తప్పు ఇదే. మనుషులకు పేర్లుంటే సరే అనుకోవచ్చు, కోళ్లక్కూడా పెట్టారు! బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాయకురాలు నాగమ్మ పుంజు శివంగిడేగ. రెండు కోళ్లు కొట్టుకున్నాయి, ఓడిన పక్షం ఊరు విడిచింది అంటే ఒక్క ముక్కలో పోయేది. పేర్లు పెట్టేసరికి వింటున్నవాడు ఏదో ఒక పుంజు పక్షాన చేరి కూర్చుంటాడు. 12వ శతాబ్దంలో ఓడిన కోడికి ఇవాళ కూడా అయ్యో అనే మనుషులు ఉన్నారంటే ఆ నేరం పూర్తిగా పేరుదే.

మీరు మాత్రం 'ఓ ఊరు', 'ఓ తల్లి', 'ఓ రైతన్న' అని రాయండి. ఏ ఊరని ఎవరైనా అడిగితే అన్ని ఊళ్లూ అని చెప్పండి. దీనివల్ల రాబడి కూడా ఉంది. ఎన్నికలప్పుడు ఒకే పాట ముగ్గురు అభ్యర్థులకు అమ్ముకోవచ్చు. పల్లవిలో పేరు పట్టే చోటు ఖాళీగా వదలండి. పేరు పొట్టిదైతే వెనక 'అన్న' తగిలించండి, పొడుగైతే ఇంటిపేరు కోసెయ్యండి. మొన్న ఒక పార్టీలో పులిగా ఉన్నాయన రేపు ఇంకో పార్టీలో చేరినా పులి పులిగానే ఉంటుంది, వీడియోలో కండువా రంగు ఒక్కటే మార్చాలి. కథ ఉన్న పాటకు ఈ వెసులుబాటు లేదు. కథన్నాక అందులో మనిషి ఏదో ఒక పని చేసి ఉండాలి. అది నాయకుల దగ్గర వెతకబోతే లేనిపోని ఇబ్బంది.

సాయుధ పోరాటపు పాట కట్టిన బండి యాదగిరి ఈ సూత్రం తెలియకే చెడ్డాడు. 'బండెనక బండి కట్టి' అంటూ బండ్లు లెక్కపెట్టాడు. అంతటితో ఆగక నిజాం సర్కారును మనిషిలా ఎదుట నిలబెట్టి, నువ్వు అని పిలిచి, నిలదీశాడు. నిరంకుశత్వం నశించాలి, అన్యాయం అంతమొందాలి అని రాసుకుంటే ఎంత మర్యాదగా ఉండేది! ఏ కాలేజీ వార్షికోత్సవంలోనైనా పాడించుకోవచ్చు. ఆయన పాటేమో 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతు ఎక్కి, అక్కడి నుంచి తెలంగాణ ఉద్యమ వేదికల దాకా నడిచింది. అసలు కట్టినవాడెవరో తెలియకుండానే పాడినవాళ్లు ఎందరో. చెప్పాను కదా, పాట మిగులుతుంది, పేరు పోతుంది.

పేర్ల తర్వాత వస్తువులు. చేత్తో పట్టుకోగలిగిన వస్తువు పాటలో ఒక్కటి కూడా ఉండకూడదు. పల్నాటి కథలోనే బాలచంద్రుడి సంగతి చూడండి. కారంపూడిలో సేనలు మోహరించి ఉన్నాయి, ఈ పిల్లవాడేమో తోటివాళ్లతో బొంగరాలు ఆడుతున్నాడు. బొంగరం వెళ్లి అన్నమ్మ అనే ఆమె కాలికి తగిలింది. నెప్పితో ఆమె, మీవాళ్లంతా రణరంగంలో ఉంటే నీకిక్కడ ఆటలా అని దెప్పిపొడిచింది. ఇంట్లో ఇన్నాళ్లూ దాచిన సంగతి అలా బయటపడి పిల్లవాడు యుద్ధానికి కదిలాడు. ఇదేం కథనం? అంత పెద్ద యుద్ధం మలుపు తిరగడానికి బొంగరమా? పైగా ఆ బొంగరం తగిలేదాకా వాడు పిల్లవాడు, తగిలాక వీరుడు, ఆ మధ్య గడిచింది ఒక్క తిట్టు. మనకు అంత సన్నటి పనులు అక్కర్లేదు. రోషం, శౌర్యం, ధర్మం అని మూడు మాటలు వరసగా పెట్టి వెనక డప్పులు పెంచితే చాలు.

సుద్దాల హనుమంతు ఇంకా మొండి. పశువులు కాసే జీతగాడి మీద 'పల్లెటూరి పిల్లగాడా' కట్టినప్పుడు వెట్టిచాకిరి మీద చక్కటి ఉపన్యాసం ఇవ్వాల్సింది పోయి, ఆ పిల్లవాడి ఒంటి మీది చాలీచాలని చొక్కా చూశాడు, కాళ్లకున్న తాటిజెగ్గల జోళ్లు చూశాడు. చూసి ఊరుకోక వాణ్ణే ప్రశ్నలు అడుగుతూ పోయాడు. వాడు బదులు చెప్పడు. వాడి బదులు మనం లోపల చెప్పుకుంటాం. పాట వింటున్నవాడి చేత పని చేయించడం వెట్టి కాక మరేమిటి? 'మా భూమి'లో సంధ్య పాడగా విని కళ్లు తుడుచుకున్నవాళ్లను అడగండి, పాటలో కన్నీరు అన్న మాట ఉందో లేదో వాళ్లకు గుర్తుండదు, జోళ్లు గుర్తుంటాయి.

మన పద్ధతిలో కన్నీరు అన్న మాట తప్పకుండా ఉండాలి. గుండె, కన్నీరు, ఊపిరి, ప్రాణం, వెన్నెల, చిరునవ్వు: ఈ ఆరింటినీ వంతులవారీగా తిప్పండి. ప్రేమ పాటలో గుండె ముందు, కన్నీరు తర్వాత. అమ్మ పాటలో ప్రాణం ముందు. రైతు పాటలో కన్నీరు మొదటే పెట్టేసి, దాని పక్కన 'దేశానికి వెన్నెముక' పెట్టండి. రైతు ఎన్నెకరాలు వేశాడు, ఏం వేశాడు, ఎవరి దగ్గర ఎంతకు తెచ్చాడు అన్న ప్రశ్న రాకూడదు.

వాడపల్లిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వరి కోతల కాలంలో ఆంధ్రా నుంచి మిర్యాలగూడ రైసు మిల్లులకు వడ్లు తెచ్చే లారీలను చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తుంటారు. ఆగిన లారీ పక్కన ఎవరో అన్నం వండుకుంటూ ఉంటారు. లోడు తాలూకు మనిషి వడ్లు గుప్పిట్లోకి తీసుకుని, నలిపి, తేమ ఎంత ఉంటుందో, మిల్లులో తరుగు ఎంత తీస్తారో లోలోపల లెక్క కడుతుంటాడు. ఫోను మోగుతుంది, ఎత్తడు. అటు చూడకండి. అక్కడ పాట ఉంది. పాతకాలం వాళ్లు ఇలాంటివాటి జోలికే పోయి పాడయ్యారు. కాటమరాజు కథ ఏమిటి? పశువులను మేపుకున్నందుకు కట్టాల్సిన పుల్లరి మీద నెల్లూరు నల్లసిద్ధితో వచ్చిన తగాదా. గడ్డికీ పన్నుకీ సంబంధించిన లెక్క! దాన్ని పట్టుకుని గొల్లల ముంగిళ్లలో రాత్రిళ్లు రాత్రిళ్లు కథ చెప్పారు. తేమ శాతం మీద మీరు కూడా అలా మొదలుపెడితే ఎక్కడ ఆగుతారో చెప్పలేం.

ఊరి అందం మీద పాట రాయాల్సి వస్తే డ్రోను కెమెరాను నమ్ముకోండి. సంగమం పై నుంచి చాలా బాగుంటుంది. మూసీ హైదరాబాదు మురుగంతా మోసుకొచ్చిన నది కాబట్టి కెమెరాను మరీ కిందికి దించవద్దు, నీళ్ల రంగు తేడా తెలుస్తుంది. విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, వీర్లపాలెం థర్మల్ కేంద్రం పొగగొట్టం ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. 4,000 మెగావాట్ల కేంద్రం కదా, దాక్కోవడం దానికి అంత తేలిక కాదు, డ్రోనే తిరగాలి. సాహిత్యంలో 'పచ్చని పైరు', 'చల్లని గాలి', 'పల్లె తల్లి' వరసగా పెట్టండి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలని ఏడాది కూడా పైరు పచ్చగానే ఉండాలి. పాటకు నీళ్లతో పనేంటి?

భక్తి పాట దగ్గర ఇంకొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే గిరాకీ అక్కడ ఉంది. 2016 కృష్ణా పుష్కరాలకు వాడపల్లి ఘాట్లకు జనం వచ్చారు, మళ్లీ 2028లో పుష్కరాలు. ఇప్పటినుంచే పాట సిద్ధం చేసుకునేవాళ్లు ఉంటారు. ఊళ్లో రెండు పాత గుళ్లు, మీనాక్షీ అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు. రెంటి దగ్గరా కథలు కాచుక్కూర్చున్నాయి. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు పెడతారు, ఒకటి స్వామి ముక్కు ఎత్తున, ఒకటి కింద. కింది దీపం నిలకడగా వెలుగుతుంటే పైది రెపరెపలాడుతుందనీ, అది స్వామి ఊపిరేననీ చెబుతారు. శివాలయంలోనేమో పిట్టను తరుముకుంటూ వచ్చిన బోయవాడి కథ. శరణన్న పిట్టను ఇవ్వనన్నాడట శివుడు. మరి నా ఆకలి సంగతేమిటన్నాడట బోయ. అయితే నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడట దేవుడు. వాడు మొహమాటపడకుండా పది వేళ్లూ పెట్టి తీసుకున్నాడట. ఆ వేళ్ల గుర్తులు లింగం తల మీద ఉన్నాయనీ, గాయం కడగడానికి వచ్చిన గంగే ఆ గుంటలో నిలిచే నీళ్లనీ చెబుతారు.

ఈ కథ పాటలో పెడితే ఏమవుతుందో ఆలోచించండి. అందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. పిట్టకు ప్రాణభయం, బోయకు ఆకలి, దేవుడికి ఇద్దరూ కావాలి. విన్నవాడు ఎవరి పక్షాన ఉండాలో తెలియక కాసేపు అలా ఉండిపోతాడు. భక్తి అంటే ఇలా ఇరుకున పెట్టడమా? కాబట్టి దీపాలు వద్దు, వేళ్ల గుర్తులు వద్దు. 'మహిమ', 'కరుణ', 'దర్శనభాగ్యం', 'కోరిన వరాలు' చాలు. రెండో చరణం తర్వాత సౌజన్యం ఎవరిదో చదివించండి. దేవుడి పేరు మారిస్తే ఇదే పాట మట్టపల్లికి పనికొస్తుంది, జాన్‌పహాడ్ ఉర్సుకు కూడా కొంచెం సర్దితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు కీలకం. పాటలో ఏదీ మిగల్చకూడదు. అంతా చెప్పెయ్యాలి, చెప్పినదాన్ని వివరించాలి, వివరించినదానికి నీతి కట్టాలి. అమెరికాలో బాబీ జెంట్రీ అనే ఆమె 1967లో 'ఓడ్ టు బిల్లీ జో' అని ఒక పాట కట్టింది. మిసిసిపీలో పల్లెటూరి ఇల్లు. పొలం నుంచి వచ్చి అందరూ అన్నాలకు కూర్చున్నారు. ఫలానా కుర్రాడు వంతెన మీంచి దూకాడట అని తల్లి కబురు చెబుతుంది. తండ్రి ఓ మాట అనేసి రొట్టెలు ఇటు అందించమంటాడు. అన్న ఏదో గుర్తు చేసుకుంటాడు. పాట చెబుతున్న పిల్ల మాత్రం ముద్ద ముట్టలేదని తల్లి కనిపెడుతుంది, ఎందుకో కనిపెట్టదు. ఆ కుర్రాడూ, అచ్చం మీ పిల్లలాంటి పిల్లా కలిసి వంతెన మీంచి ఏదో కిందికి పడేస్తుంటే పాదిరిగారు చూశారట అని మాటల్లో మాటగా వస్తుంది. ఏం పడేశారు? చెప్పదు. వాడెందుకు దూకాడు? చెప్పదు. పాట అయిపోతుంది. ఇంత అసంపూర్తి పాట అమెరికాలో ఆ ఏడాది నంబర్ వన్ అయింది! 1976లో దాని మీద సినిమా తీసినవాళ్లు బాధ్యతగలవాళ్లు. కారణం చెప్పారు, పడేసిన వస్తువును కూడా చూపించారు. సినిమా చూసినవాళ్లు నిశ్చింతగా మర్చిపోయారు. పాట విన్నవాళ్లే ఇంకా కొట్టుకుంటున్నారు.

మన వాడపల్లి వంతెన మీద బస్సు పోతుంటే కృష్ణమ్మకు కిటికీలోంచి రూపాయి బిళ్ల వేస్తారు. ఒకామె బిళ్ల కాక ఇంకేదో వేసిందనుకుందాం. పక్క సీట్లో ముసలమ్మ చూసింది, ఏమీ అనలేదు, సంచిలోంచి జామకాయ తీసి ఆమెకు ఇచ్చింది. ఇక్కడ పాట ఆపాలని మీకు అనిపిస్తుంది. అదే బలహీనత. వెంటనే ఆమె వేసింది తాళిబొట్టని చెప్పండి, మొగుడు తాగుబోతని చెప్పండి, చివరి చరణంలో తాగుడు వల్ల సంసారాలు ఎలా కూలిపోతాయో చెప్పండి. వినేవాడికి అనుమానం మిగిలితే మీ పాట మళ్లీ పెట్టుకుని వింటాడు. మళ్లీ వింటే లోపాలు బయటపడతాయి.

పల్లవి విషయంలో జనానికి ఒక పిచ్చి ఉంది, ప్రతిసారీ అదే మాట వస్తున్నా దాని బరువు మారాలంటారు. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే ఆచార్యుడు ఇంగ్లండు, స్కాట్లండుల పాత కథాగేయాలు 305 ఏరి అచ్చువేశాడు. అలాంటి పాటల్లో ఒకే వాక్యం మూడుసార్లు వస్తుంది, మూడోసారి ఒక్క మాట మారుతుంది, ఆ మారిన మాట దగ్గరే ఎవరో చస్తారు. మన బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో అంటారు. ముందు పాడే ఆమె ఒక చరణం ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఉయ్యాలో అనేలోపు తర్వాతి చరణం గుర్తు తెచ్చుకుంటుంది. కథ అలా అడుగడుగునా అందరి నోటా ఆగి నడుస్తుంది. ఇందులో ముప్పు ఏమిటంటే, ఉయ్యాలో అన్న ప్రతి ఆడమనిషీ ఆ కథకు సాక్షి అయిపోతుంది. సూర్యాపేట వైపు నుంచి సాయుధ పోరాటంలోకి వచ్చిన మల్లు స్వరాజ్యం ఈ కిటుకు పట్టుకుంది. అందరికీ వచ్చిన ఉయ్యాల బాణీలో దొరల ఇళ్లలో ఆడవాళ్ల బాధలు కట్టి పాడింది. బాణీ నేర్పే పనిలేదు, కోరస్ కూలి లేదు. తర్వాత తుపాకీ కూడా పట్టింది, అది వేరే సంగతి.

మన పల్లవికి అంత చరిత్ర వద్దు. నాలుగు అర్థంలేని శబ్దాలు, వాటికి తగ్గ స్టెప్పు. చరణాలకు మాత్రం ఒక పరీక్ష ఉంది, ఇది నా సొంతం. రెండో చరణాన్ని మూడో చరణం స్థానంలో పెట్టి పాడించండి. ఎవరికీ తేడా తెలియకపోతే పాటలో కథ లేదని నిశ్చింతగా ఉండొచ్చు. ఎవరైనా, అదేంటన్నా, ఆమె ఇంకా ఇల్లు దాటలేదు కదా అన్నారా, ఎక్కడో లీకేజీ ఉంది, ఆ చరణం కొట్టెయ్యండి.

ఎవరు ఎవరితో చెబుతున్నారన్నది కూడా తేలకూడదు. పల్లవిలో 'నేను', మొదటి చరణంలో 'అతడు', రెండో చరణంలో 'ఓ సమాజమా'. బుర్రకథ వాళ్లు ఈ ఒక్క విషయానికే ముగ్గురిని పెట్టుకున్నారు. తంబురా పట్టి కథ చెప్పే కథకుడు, పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, ఇంకోడు రాజకీయం మాట్లాడతాడు. జనానికి లోపల ఏ అనుమానం వస్తుందో దాన్ని వంత బయటికి అడుగుతాడు, కథకుడు జవాబిచ్చి ముందుకు పోతాడు. షేక్ నాజర్ ఇలాగే పల్నాటి యుద్ధం చెప్పి చెప్పి 1986లో పద్మశ్రీ దాకా పోయాడు. ఇవాళ్టి రేట్లకు ముగ్గురికి పేమెంట్లు ఎవరిస్తారు? ఆటోట్యూను ఉండగా వంతలెందుకు?

నిడివి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ముప్పై సెకన్లలో తేలిపోవాలి. కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం కార్తీక అమావాస్య నాడు మొదలుపెట్టి ఐదు రోజులు చేస్తారు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని. రోజుకో ఘట్టం. రాయబారం వెళ్లిన అలరాజు తిరిగి రాడని అక్కడ ప్రతివాడికీ తెలుసు, చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ వింటారు. అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అనే ఆయన ఇంగ్లీషులో పెద్ద పుస్తకం చేస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ అచ్చువేసింది. ముగింపు ముందే తెలిసిన కథ మీద ఇంత ఖర్చు!

కాబట్టి పాటల రచయితగా స్థిరపడదామనుకునేవాళ్లు ఆ ఐదు రోజులూ వంతెన దాటవద్దని నా మనవి. చుట్టాల పెళ్లో మరొకటో ఉండి తప్పనిసరైతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీ పాటే వింటూ పొండి. దారిలో ఛార్జింగు అయిపోయి, ఆ కథ పాడే వీరవిద్యావంతుల గొంతు మీ చెవిన పడి, అలరాజు కోసం మీరు అక్కడే నిలబడిపోతే మాత్రం తిరిగొచ్చి నా దగ్గరికి రావద్దు. కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు.